ప్యాకెట్ వెనకవైపు

మా బావగారు మేకా గొర్రే మానేసి కోడి దగ్గరా చేప దగ్గరా ఆగిపోయారు. నార్త్ కరొలైనాలో ఇంటి వెనక గడ్డి కోస్తుండగా కాలికి పట్టిన పిడుదు చేసిన పని ఇది. లోన్ స్టార్ టిక్ అంటారట దాన్ని. ఆడదానికి వీపు మీద తెల్లచుక్క ఉంటుంది. అది కుట్టాక కొందరికి ఆల్ఫా గాల్ అనే చక్కెర పడకుండా పోతుంది. మనుషులూ కొన్ని కోతిజాతులూ తప్ప పాలిచ్చే జంతువులన్నిటిలో దాదాపుగా అది ఉంటుంది. 2010 నుంచి 2022 దాకా అమెరికాలో 1,10,000కు పైగా అనుమానిత కేసులు తేలాయని అక్కడి ప్రభుత్వ ఆరోగ్యసంస్థ సీడీసీ లెక్క.

మటన్ మానడం ఓ కష్టమా అంటారాయన. అది కంచంలో కనపడుతుంది, వద్దనొచ్చు. పేచీ అంతా చిరుతిళ్లతోనే. మార్ష్‌మెలోల్లో జెలటిన్, కొన్ని బిస్కెట్లలో పందికొవ్వు, చీజ్ పొడి చల్లిన చిప్స్‌లో పాల పదార్థాలు. ‘నేచురల్ ఫ్లేవర్స్’ అన్నది మరీ గడుసుది. అమెరికా నిబంధనల ప్రకారం మాంసం నుంచి తీసిన రుచి కూడా ఆ పేరు కింద దాక్కోవచ్చు. ఇవి చాలవన్నట్టు, సముద్రపు నాచు నుంచి తీసే క్యారజీనన్‌లోనూ అదే చక్కెర ఉందట!

పైగా ఒళ్లు వెంటనే చెప్పదు. రెండు నుంచి ఆరు గంటలు పడుతుంది. సాయంత్రం టీతో తిన్నదానికి రాత్రి పడుకున్నాక దద్దుర్లు, కడుపునొప్పి, ఒక్కోసారి ఊపిరాడక ఆసుపత్రి. అందుకే ఆయన ఖాళీ ప్యాకెట్లు మర్నాటిదాకా పారెయ్యనివ్వరు. వంటింటి గట్టు మీద ఆ చెత్తేమిటని అక్కయ్య సణుగుతుంది.

అక్కడి చట్టం తొమ్మిది రకాల అలర్జీ పదార్థాలను ప్యాకెట్ మీద విడిగా చెప్పమంటుంది. 2023లో నువ్వులు కూడా చేరాయి. పాలున్నాయి గాని గొడ్డుమాంసం, పందిమాంసం ఆ జాబితాలో లేవు. ఇండియన్ స్టోర్‌లో కారప్పూస ప్యాకెట్ మీద మన పచ్చచుక్క కనిపిస్తే ఆయనకు సగం ప్రాణం లేచొస్తుంది, జెలటిన్, జంతువుల కొవ్వు లేనట్టే గనక. మిగతా సగం వెనకవైపు చదవాలి. నెయ్యి, పాలపొడి ఉన్నా చుక్క పచ్చగానే ఉంటుంది మరి. ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి పాలు పడతాయి. బావగారికి పల్చటి మజ్జిగ పడుతుంది, నెయ్యీ ఐస్‌క్రీమూ పడవు. తమాషా ఏమిటంటే, మాంసాహారమని గోధుమరంగు త్రికోణం వేసిన ప్యాకెట్‌లో ఉన్నది గుడ్డే అయితే ఆయన నిక్షేపంలా తినొచ్చు. చుక్క శాకాహారుల కోసం, ఆ తొమ్మిది పేర్లు వేరే రోగుల కోసం. గిట్టల జంతువు తాలూకుదేమైనా ఉందా అన్న ఆయన ప్రశ్నకు ఏ గుర్తూ లేదు.

కంపెనీలు దినుసులు మార్చేస్తుంటాయని, తిన్న రకాన్నే కొన్నా మళ్లీ మొదట్నుంచీ చదువుతారు. దసరాకి జంతికలు పంపిస్తానంటే నన్నూ వదల్లేదు. నూనె ఏదన్నారు, వేరుశనగ అన్నాను. వెన్న వేస్తారా అన్నారు. వెయ్యకపోతే గుల్లగా రావు బావగారూ అంటే, “రాకపోతే రాకపోయాయి, నా పళ్లు గట్టివేనోయ్” అన్నారు.