చివరి మూరెడు దూరం

విజయవాడ నుంచి బందరు వెళ్ళే దారిలో, చక్కెర ఫ్యాక్టరీ ఊరుగా పేరుపడ్డ ఉయ్యూరులో ఓ ఆసుపత్రి వార్డు చూడడానికి వెళ్ళాను. 2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకరు ఆలస్యమై 11 మంది కోవిడ్ రోగులు చనిపోయారని అధికారులు ప్రకటించిన నాటి నుంచీ ఆక్సిజన్‌ అనగానే మనకు టన్నులు, సిలిండర్లే గుర్తొస్తాయి. ఆ లెక్కా కావాల్సిందే. అయితే గొట్టం చివరిదాకా వచ్చిన ప్రాణవాయువులో ఊపిరితిత్తుల్లోకి చేరేది ఎంతో తేల్చేది మాస్కు. ఆ చివరి మూరెడు దూరాన్ని మనం పట్టించుకోవడం లేదు.

వార్డులో ఫ్లోమీటరు గొట్టంలోని చిన్న గుండు 5 దగ్గర నిలిచి ఉంది, కింద సీసాలో నీళ్ళు బుడబుడమంటున్నాయి. రోగి వెంట వచ్చినవాళ్ళ చూపంతా ఆ గుండు మీదే. నిమిషానికి 5 లీటర్లు నిజమే. కానీ స్థిమితంగా ఉన్న మనిషి కూడా గాలి పీల్చే క్షణంలో నిమిషానికి సుమారు 30 లీటర్ల వేగంతో లాగుతాడు. ఆయాసపడేవాడికి అది 60 దాటుతుంది. తక్కువ పడినదంతా మాస్కు కంతల్లోంచి వచ్చే మామూలు గాలే, అందులో ఆక్సిజన్ 21 శాతం. అంటే ఆయాసం ముదిరేకొద్దీ అదే మాస్కు అందించే శాతం పడిపోతుంది. ముక్కు గొట్టంతో 24 నుంచి 44, మామూలు మాస్కుతో 35 నుంచి 60 శాతం అని పుస్తకాలు చెప్పేది నెమ్మదిగా పీల్చే రోగి సంగతి. సంచి ఉన్న మాస్కు ఈ లోటు పూడ్చడానికే పుట్టింది: రోగి ఊపిరి వదిలేటప్పుడు సంచి నిండుతుంది, పీల్చేటప్పుడు అందులోంచి అందుతుంది. పక్క మంచం మీది పెద్దాయనకు పళ్ళూడి బుగ్గలు లోపలికి పోయాయి, మాస్కు అంచు ముఖానికి ఆనడం లేదు, సంచి ఉబ్బి కదలకుండా ఉంది. సిస్టర్ ముక్కు మీది రేకు నొక్కి, తాడు బిగించగానే ప్రతి ఊపిరికీ సంచి కాస్త ముడుచుకుని మళ్ళీ నిండసాగింది. ఫ్లోమీటరు ముందూ వెనకా 12 లీటర్లే చూపించింది.

వేలికి పెట్టే ఆక్సీమీటరు ఉండగా ఇదంతా ఎందుకంటారు. అది చాలా చెబుతుంది గానీ, రక్తంలో పేరుకునే కార్బన్ డయాక్సైడు సంగతి చెప్పదు. ఏళ్ళ తరబడి కట్టెపొయ్యి పొగలో వండిన ఆడవాళ్ళలో, చుట్టలు కాల్చిన పెద్దల్లో చాలామందికి సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉంటుంది. ఆక్సిజన్ ఎక్కువైతే వాళ్ళలో ఆ కార్బన్ డయాక్సైడు పేరుకోవచ్చు, అందుకే వాళ్ళకు ఆక్సీమీటరు 88 నుంచి 92 శాతం మధ్య చూపితే చాలు. గుండు పైకి తిప్పితే పోయేదేముందన్న వాదనకు టాస్మేనియాలో అంబులెన్సు రోగుల మీద జరిగి 2010లో అచ్చయిన అధ్యయనం గట్టి జవాబు: ఆక్సిజన్ ఎక్కువగా ఇచ్చిన వర్గంలో 9 శాతం చనిపోతే, కొలిచి ఇచ్చిన వర్గంలో 4 శాతం. ఇలాంటి సీఓపీడీ రోగుల కోసమే 1960లో మోరన్ క్యాంప్‌బెల్ అనే వైద్యుడు వెంచురీ మాస్కు తెచ్చాడు. దాని నీలిరంగు ముక్క 2 లీటర్ల ఆక్సిజన్‌కు గది గాలి కలిపి నిమిషానికి 50 లీటర్ల దాకా పంపుతుంది. రోగి ఎంత గట్టిగా లాగినా దాదాపు 24 శాతమే అందుతుంది.

చిన్న ఊళ్ళో ఇన్ని రకాల మాస్కులకు డబ్బెక్కడిది అనొచ్చు. కానీ సరైన మాస్కు లేకపోతే అయ్యే ఖర్చూ చూడాలి. 7,000 లీటర్ల పెద్ద సిలిండరు 15 లీటర్ల మీద పెడితే 8 గంటలు రాదు, 2 లీటర్ల మీద రెండు రోజులు దాటుతుంది. సీఓపీడీ రోగికి 2 లీటర్లు సరిపోయేచోట 15 పెట్టినా, ముఖానికి ఆనని మాస్కులోంచి వదిలేసినా ఆ సిలిండరు ఖర్చు ఆసుపత్రిదే. సిలిండర్ల ఇండెంటు రాసే కాగితం మీదే వెంచురీ మాస్కులూ, పిల్లల సైజు మాస్కులూ రాయాలి.