చివరి బెంచీలో అణువుల పాఠం

షార్జాలో క్యాంపు ఆఫీసులో టైంషీట్లు రాసిన నేను ఇప్పుడు అమెరికాలో, మిషిగన్ రాష్ట్రం నోవైలో ఒక గోడౌన్ ఆఫీసు గుమస్తాని. నా భార్య నర్సు, ఆమె ఉద్యోగం మీదే వచ్చాం. మా బావమరిది ఇక్కడే యూనివర్సిటీలో చదువుతున్నాడు. ఈ సెమిస్టర్ వాడికి సూప్రామాలిక్యులర్ కెమిస్ట్రీ అనే పాఠం ఉంది. వాళ్ల మేష్టారిని అడిగితే, ఊరికే కూర్చుని వినమన్నారు. ఫీజు లేదు, సర్టిఫికెట్టూ లేదు.

బుధవారం సాయంత్రం రెండు గంటలు. ఆ రెండు గంటలూ ఓవర్‌టైం పోతుంది. ఊళ్లో అప్పు ఇంకా తీరలేదు. ఇంటర్ బైపీసీతో ఆగిపోయి పదిహేనేళ్లయింది, ఇప్పుడెందుకని ఇంట్లో గొడవ. అయినా వెళ్తున్నాను.

పేరు నోరు తిరగదు గానీ సంగతి మన ఇంటర్ పుస్తకంలో మొదలైందే. నీటి అణువు లోపల పరమాణువుల్ని పట్టి ఉంచేది గట్టి బంధం. ఒక అణువుకీ పక్క అణువుకీ మధ్య ఉండే హైడ్రోజన్ బంధం అందులో ఇరవయ్యో వంతు బలం మాత్రమే. ఇలాంటి బలహీనపు పట్టుల మీద నడిచే శాస్త్రం ఇది. ఊడతాయి, మళ్లీ కలుస్తాయి. మన ఒంట్లో డీఎన్ఏ రెండు పోగులూ అలాగే అంటుకుని ఉంటాయట.

నాకు బాగా నచ్చింది పెడర్సన్ కథ. 1904లో కొరియాలో పుట్టాడు. తండ్రి నార్వే, తల్లి జపాన్. చదువుకోసం అమెరికా వచ్చి, 1927లో డ్యూపాంట్ కంపెనీలో చేరి రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాడు. డాక్టరేటు లేదు. ఒక ప్రయోగంలో అక్కర్లేని తెల్లటి పలుకులు వచ్చాయి, నూటికి అర పాలు కూడా లేవు. ఇంకొకడైతే పారబోసేవాడే. ఆయన పట్టి చూస్తే అది ఉంగరంలాంటి అణువు, నడిమి ఖాళీలో పొటాషియం అయాన్ సరిగ్గా ఇముడుతుంది. కిరీటంలా ఉందని క్రౌన్ ఈథర్ అన్నాడు. 1967లో ప్రచురించాడు. 1987లో క్రామ్, లెన్‌లతో కలిపి నోబెల్ ఇచ్చారు, అప్పటికి 83 ఏళ్లు.

గది వాసనకి కొట్టే ఫెబ్రీజ్ స్ప్రేలోనూ ఇలాంటి ఉంగరమే ఉంది, పిండిపదార్థం నుంచి చేస్తారు. బూట్ల కంపు అణువు అందులో దూరి కూర్చుంటుంది, ముక్కుదాకా రాదు. పన్నెండు మంది పడుకునే గదిలో దాని విలువ మీకు నేను చెప్పక్కర్లేదు.

మా సూపర్‌వైజర్ బుధవారం ఓవర్‌టైం వేరొకరికి రాసేశాడు. ఇంకా ఏడు క్లాసులున్నాయి. వచ్చే వారం సబ్బు గురించి, చేతి గ్రీజు నీళ్లతో ఎలా పోతుందో చెబుతారట.