బాపట్ల వ్యవసాయ కళాశాల

భావనారాయణస్వామి కోవెలచేతను, చేరువనున్న సూర్యలంక సముద్రతీరముచేతను బాపట్ల ప్రసిద్ధి గాంచినది. ఆ రెంటిని చూచి మరలువారిలో 1945వ సంవత్సరమున నెలకొన్న వ్యవసాయ కళాశాలకు పోవువారు తక్కువ. మేము దానినిగూడ చూచి వచ్చితిమి.

ఇచట బాలురతోపాటు బాలికలును నాలుగేండ్లు చదివి పట్టభద్రు లగుచున్నారు. వారి పాఠములలో సస్యరక్షణ మొకటి. పురుగు కనబడగనే మందు కొట్టుటయే సస్యరక్షణ మని పలువురి తలంపు. ఇచటి బోధ వేరు. ముందు పురుగును గుర్తింపవలెను. పిదప దుబ్బుదుబ్బునకు లెక్కింపవలెను. పంటనష్టము మందుఖర్చును మించబోవు తరుణమున మాత్రమే మందు పట్టవలెను.

వరిమడిలో వంగి దుబ్బుల మొదళ్లు పరికించుచున్న యొక విద్యార్థిని మాకొక సాలీడును చూపి, "అమ్మగారూ, ఇది మిత్రపురుగు. సుడిదోమను తినును" అనెను. విచక్షణ లేక మందు చల్లినచో సాలీళ్లు చచ్చి, దోమ మునుపటికంటె హెచ్చునట! అందుచేత నాటునపుడే రెండేసి మీటర్ల కొక కాలిబాట విడిచి, గాలియు వెలుతురును మొదళ్లకు సోకనిత్తురు. మగ రెక్కలపురుగులను లింగాకర్షక బుట్టలలో పట్టుదురు. శత్రుపురుగుల గ్రుడ్లను నాశము చేయు ట్రైకోగ్రామా యను సూక్ష్మకీటకములు గల అట్టముక్కలను ఆకులకు కట్టుదురు. అప్పటికిని లొంగనిచో 5 శాతము వేపగింజల కషాయము, విషపుమందు కట్టకడపటిది.

సోదరీమణులారా! ఈ విద్య చేలకే కాదు, మన పెరటికిని వలయును. వంగమొక్క లేతకొన వాడి వ్రేలాడినచో మందుకై పరుగిడక, లోని తొలుచుపురుగుతోగూడ ఆ కొనను త్రుంచి నాశము చేయుడు. ఆ కాయలు వండునది మనమే. తినునది మన బిడ్డలే. ఆడపిల్లలను ఈ చదువునకు పంప సంకోచించు తల్లులు ఒకమారు ఆ మడిగట్టున నిలిచి చూచిన చాలును.