దారంతా పసుపు వాసన

ఊరు దగ్గరపడిందని ఎక్కడైనా మైలురాయి చెబుతుంది. ఆర్మూరు విషయంలో మాత్రం ఆ పని ముక్కు చేసేస్తుంది. కాకపోతే... జనవరి నుంచి మార్చిలోపు వెళ్లాలి!

మేం వెళ్లింది ఫిబ్రవరిలో. తెల్లవారుజామునే హైదరాబాద్ నుంచి బయల్దేరాం. ముందు సీట్లో నేనూ మా ఆవిడా, వెనక పిల్లలిద్దరి మధ్యా అమ్మ. ఒకప్పటి ఏడో నంబరు, ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారి. కామారెడ్డి దాటి ఇందల్వాయి అడవిలోకి వచ్చేసరికి మోదుగులు ఎర్రగా పూసి కనిపించాయి. డిచ్‌పల్లిలో ఆగి గుట్ట మీది రామాలయం చూశాం. ఆ నల్లరాతి శిల్పాలు చూశాక దాన్ని 'ఇందూరు ఖజురహో' అని ఎందుకంటారో అర్థమైంది. ఇందూరంటే నిజామాబాద్‌కి పాతపేరు.

అక్కణ్నుంచి ఆర్మూరు వైపు సాగుతుంటే ఘాటైన మట్టివాసన. అమ్మ కిటికీ అద్దం దించి, 'పసుపురా... ఉడకేస్తున్నారు' అంది. కారు ఆపాం.

రోడ్డు పక్క కళ్లంలో ఆవిరి పొగలు. ఆకు కోసి, దుంప తవ్వి, మట్టి దులిపి తెచ్చిన పసుపుని బాయిలర్‌కి అమర్చిన డ్రమ్ముల్లో ఉడికిస్తున్నారు. పాతరోజుల్లో పెద్ద కడాయిల కింద ఎండిన పసుపాకే మంటేసేవారట. ఉడికిన దుంపని పది పదిహేను రోజులు ఎండబెట్టాలి. ఆ తర్వాత డ్రమ్ములో వేసి తిప్పితే పైపొట్టు పోయి మెరుపొస్తుంది. కొమ్ములు వేరు, మండ వేరు. అయిదు క్వింటాళ్ల పచ్చిదుంప ఎండితే చేతికొచ్చేది ఇంచుమించు ఒక క్వింటాలే!

'పసుపు చెట్టుకి కాయదా?' అన్నాడు మా చిన్నాడు. కుప్ప సర్దుతున్న పెద్దావిడ నవ్వి, 'లేదు బిడ్డా, భూమిల ఊరుతది' అంటూ ఓ పచ్చిదుంప విరిచి చూపించింది. లోపల నారింజరంగు!

'ధర ఎట్లుందమ్మా?' అనడిగాను. ఆవిడ నవ్వు ఆగింది. 'వానకాలంల పెడితిమి. తొమ్మిది నెలలు పిల్లలెక్క సాకినం. మార్కెట్‌కి పోయినంక ధర మాత్రం కొనేటోళ్లదే సారూ!'

ఆ మాటతోనే ఊళ్లోకి అడుగుపెట్టాం.

ఆరూ మూడూ కలిస్తే తొమ్మిది. తొమ్మిదిమంది సిద్ధులు తపస్సు చేసిన చోటు కాబట్టి ఆర్మూరు అయిందని స్థానికులు చెబుతారు. పాతపేరు నవనాథపురమట. ఆ కథకి సాక్షిగా ఊరిని ఆనుకునే ఉంది నవనాథ సిద్ధుల గుట్ట. ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టు ఒకదానిమీదొకటి నల్లని బండలు! రాళ్ల మధ్య ఇరుకు గుహలోంచి వంగుకుంటూ వెళ్తే శివుడి దర్శనం. అమ్మ మాకంటే ముందే బయటికొచ్చేసింది.

పైనుంచి చూస్తే ఊరూ, చేలూ, హైవే మీద చీమల్లా లారీలు. ఈ పంటలో ఎక్కువభాగం నిజామాబాద్ యార్డుకి వెళ్తుంది. అక్కడ ధర నచ్చక వందల కిలోమీటర్లు దాటి మహారాష్ట్రలోని సాంగ్లీకి తీసుకెళ్లే రైతులూ ఉన్నారు. వరికి ఉన్నట్టు పసుపుకి కనీస మద్దతు ధర లేదు మరి!

ఈ కోపమే 2019 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా ఇటు చూసేలా చేసింది. పసుపు బోర్డు కావాలనీ, ఎర్రజొన్నకీ పసుపుకీ గిట్టుబాటు ధర ఇవ్వాలనీ నిజామాబాద్ స్థానంలో 178 మంది రైతులు నామినేషన్లు వేసి బరిలో నిలిచారు. మొత్తం అభ్యర్థులు 185 మంది! ఒక్కో పోలింగ్ కేంద్రంలో ఏకంగా 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. ఆ రైతుల్లో ఒక్కరూ గెలవలేదు. అయినా వాళ్లడిగింది మాత్రం మరుగున పడలేదు. 2023 అక్టోబరులో కేంద్రం జాతీయ పసుపు బోర్డుని ప్రకటించింది. 2025 సంక్రాంతి రోజున అది మొదలైంది. ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లోనే. బోర్డు వచ్చింది సరే, కళ్లంలో పెద్దావిడ అడిగిన ధర మాటేంటి? దానికి జవాబు ఇంకా రావాల్సే ఉంది.

మధ్యాహ్నం నిజామాబాద్ రోడ్డులోని అంకాపూర్‌లో భోజనం. విత్తనాల వ్యాపారానికి పెట్టింది పేరైన ఈ పల్లె నాటుకోడి కూరకీ అంతే ప్రసిద్ధి. ముందే చెబితే కిలోల లెక్కన వండిపెడతారు. కారానికి పిల్లల కళ్లల్లో నీళ్లు... గిన్నె మాత్రం ఖాళీ!

సాయంత్రం పోచంపాడు చేరాం. 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు. 42 గేట్ల వెనక గోదారి మీద పొద్దు వాలుతోంది. నీళ్లన్నీ పసుపురంగే!

తిరుగు ప్రయాణంలో మళ్లీ ఆ కళ్లం దగ్గర ఆగాం. అమ్మ రెండు కిలోల ఎండుకొమ్ములు కొంది. బజార్లో రూపాయి రూపాయికీ బేరమాడే మా అమ్మ, ఆవిడ చెప్పినంతా లెక్కపెట్టి ఇచ్చింది.

'బేరం చెయ్యలేదేం నాన్నమ్మా?' అంది మా అమ్మాయి.

'ఒక్కరోజైనా ధర ఆవిడే చెప్పనీవే' అంది అమ్మ.