నాన్నగారి స్కూటరు

బరంపురంలో పుట్టి పెరిగినా, బ్యాంకు ఉద్యోగం పుణ్యమా అని సొంత ఇల్లు నాకు చుట్టపుచూపుగానే దక్కింది. ఈసారి మూడేళ్ళకు నాగపూరు. సామాను సర్దడం ఒక పూట పని. నాన్నగారి చేతక్ స్కూటరుకే రెండు రోజులు పట్టింది.

84 ఏళ్ళ ఆయన దాన్ని నడిపి నాలుగేళ్ళయింది. కామర్సు చదివిన నా లెక్కలో, తరుగుదల పోను దాని విలువ ఏనాడో సున్నా. “అమ్మేద్దామా?” అంటే జవాబివ్వలేదు, లోపలికి వెళ్ళి, తుడవడానికి పాత బనియన్లు తెచ్చారు.

వరండాలో కూర్చుని ఆయన చెప్తుంటే నేను చేశాను. ముందు కడిగి బాగా ఆరనివ్వాలి. గోపాల్‌పూర్ ఉప్పుగాలి ఇనుముకు పడదు. పెట్రోలు కుళాయి కట్టేసి, ఇంజను దానంతటదే ఆగేదాకా నడపాలి. లేకపోతే కార్బురేటరులో జిగురు కడుతుంది. ట్యాంకూ ఖాళీ చేశాం, ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాల్ తేమ పీలుస్తుంది కనుక. ప్లగ్గు విప్పి, సిలిండరులో నాలుగు చుక్కలు టూ-టి ఆయిలు వేసి, కిక్కరు మెల్లగా రెండుసార్లు తొక్కాను. చక్రాలు నేలకు ఆనకుండా చెక్క దిమ్మలు. సైలెన్సరు మూతికి గుడ్డ (మా ఎలుకల సంగతి వేరే చెప్పాలి!).

15 ఏళ్ళు దాటిన బండికి ప్రతి 5 ఏళ్ళకూ రిజిస్ట్రేషను పొడిగించాలి. ఆ తేదీ డైరీలో రాసుకున్నాను.

పైన కప్పడానికి ప్లాస్టిక్ వద్దన్నారు, లోపల చెమ్మ పడుతుందని. బీరువాలోంచి అమ్మ నూలుచీర తీసిచ్చారు. ఆవిడ పోయిన పన్నెండేళ్ళలో ఆ చీర బయటికి రావడం అదే మొదలు.

తాళంచెవి నాకివ్వబోయి, మళ్ళీ తన జేబులోనే వేసుకున్నారు.

“నువ్వొచ్చాక ఇస్తాలే” అన్నారు.