బొగ్గు ఊళ్లో ఒగ్గు డోలు

బొగ్గులోంచి 'బ' తీసేస్తే మిగిలేది ఒగ్గు. గోదావరిఖని చుట్టుపక్కల ఈ రెండూ పక్కపక్కనే బతుకుతున్నాయి. ఒకటి భూమి లోపల, ఇంకొకటి భూమ్మీద... అంతే తేడా.

రామగుండంలో కాజీపేట వైపు ప్యాసింజర్ రైలెక్కండి. పెద్దపల్లి దాటాక ఓదెల వస్తుంది. అక్కడి మల్లన్న గుడిలో ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమ, బియ్యప్పిండితో పట్నాలు వేసి స్వామి కథ చెబుతారు. ఒగ్గు అంటే శివుడి డమరుకం. బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మలతో మల్లన్న సంసారం... పాట, మాట, ఆట, ఏడుపు, నవ్వు అన్నీ అందులోనే. పాశ్చాత్యులు దీన్నే ఒపేరా అంటారు. కాకపోతే వాళ్లు టికెట్ పెడతారు!

ఒపేరాలో అందరి చూపూ పాడేవాళ్ల మీదే. వాయించేవాళ్లు వేదిక ముందు గోతిలో కూర్చుంటారు. జర్మనీలోని బైరాయిట్‌లో 1876లో వాగ్నర్ కట్టించిన నాటకశాలలో ఆ గోతికి పైకప్పు కూడా వేశారు. ప్రేక్షకుడికి వాద్యగాడు కనబడనే కనబడడు. బాయిలోకి దిగే కార్మికుడికి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. లోపల ఎవరు చెమటోడుస్తున్నారో పైన దీపం వెలిగించుకున్నవాడికి తెలీదు కదా! అదే వాగ్నర్ 'రైన్‌గోల్డ్'లో మరుగుజ్జులు భూగర్భంలో లోహం తవ్వుతుంటే 18 దాగళ్లు ఒక్కసారిగా మోగుతాయి. మనవాళ్లు వింటే 'ఇదేం షిఫ్టు?' అని అడిగినా అడుగుతారు.

సెలవు అడగడంలోనూ వాద్యగాళ్లది ప్రత్యేకమైన దారి. 1772లో హంగేరీలోని ఎస్టర్‌హాజీ ప్రభువు తన ఆర్కెస్ట్రాను వేసవి భవనంలోనే నెలల తరబడి ఉంచేశాడు. ఇంటిమీద బెంగపెట్టుకున్నవాళ్ల కోసం హేడన్ ఒక సింఫనీ రాశాడు. చివర్లో ఒక్కొక్కరే వాయించడం ఆపి, కొవ్వొత్తి ఆర్పి లేచి వెళ్లిపోతారు. ఇద్దరు వయొలిన్‌వాళ్లే మిగులుతారు. ప్రభువుకు విషయం అర్థమైంది, సెలవు దొరికింది. సమ్మె నోటీసు లేదు, చర్చలూ లేవు! సింగరేణిలో ఆదివారం డ్యూటీని 'ప్లేడే' అంటారు. వాద్యగాడికి మాత్రం అన్నీ ప్లేడేలే... అదనపు జీతమే ఉండదు.

మన డోలు కళాకారుడికి దాక్కునే గొయ్యి లేదు. వాయించాలి, గజ్జెలతో ఆడాలి, కథకుడికి వంత పాడాలి, అవసరమైతే కథలో ఆడవేషమూ కట్టాలి. విన్యాసాల్లో ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కి గోపురంలా నిలబడాలి. ఏ వయొలిన్ విద్వాంసుణ్నయినా అడిగి చూడండి, ఒప్పుకుంటాడేమో!

ఈ గడ్డ గొప్ప కథకులనే ఇచ్చింది. వేములవాడ దగ్గరి హనుమాజీపేట సినారె సొంతూరు. ఒగ్గు కథకు పేరు తెచ్చిన మిద్దె రాములుదీ ఆ ఊరే. ఆయన 2010లో పోయారు. జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య 2017లో కన్నుమూశారు. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు 40 వేల చుట్టూ ఉన్నారు. భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగాయి. తెల్లవార్లూ కూర్చుని కథ వినే వాడలూ పలచబడ్డాయి.

డోలు మాత్రం తగ్గలేదు. నాయకుల స్వాగతాలకు, ఊరేగింపులకు అదే ముందుంటోంది. ఐదు నిమిషాల దరువు, ఒక శాలువా, అయిపోయింది. పాడేవాడి వెనకే నిలబడిన వాద్యగాడికి ఇది గెలుపే అనిపించొచ్చు. కానీ ఆ దరువు పుట్టింది కథ కోసం. మల్లన్న ఎందుకు అలిగాడో, కేతమ్మ ఎవరి కూతురో తెలియని డోలు ఎంత గట్టిగా మోగినా ఉత్త చప్పుడే.

సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఓదెలలో భక్తుల రద్దీ ఎక్కువ. పిల్లల్ని తీసుకెళ్లండి. పట్నం చూసి వచ్చేయకుండా కాసేపు కూర్చోండి. కథ మొత్తం వినేవాళ్లున్నారని తెలిస్తే, చెప్పేవాళ్లూ నేర్చుకుంటారు.