కారులో వాసన

మా కారులో వాసన వేస్తోందని ముందుగా కనిపెట్టింది మా అమ్మాయి. ఎక్కీ ఎక్కగానే ముక్కు మూసుకుని, "నాన్నా, ఇదేం కంపు!" అంది.

2022 వేసవిలో కొన్న సెకండ్‌హాండు కారది. సొంత డబ్బు పోసి కొన్నవాడికి కారులో లోపం కనబడినా ఒప్పుకోబుద్ధి కాదు. అంచేత ఆ వాసన కారుది కాదనీ, కారులోకి వచ్చిన వస్తువేదో దానిదనీ తీర్మానించాను.

ఆ వస్తువేమిటో పైకి ఎవరమూ అనలేదు. మా అమ్మకు ఒక గుడ్డసంచీ ఉంది. మోకాళ్లకు రాసుకునే తైలం, ఇంగువ డబ్బా, చిన్న ఊరగాయ సీసా - ఎక్కడికి కదిలినా అవి అందులో ఉండవలసిందే. ఒకరోజు మా శ్రీమతి మాటాపలుకూ లేకుండా ఆ సంచీ తీసి డిక్కీలో పెట్టింది. నేను చూసి ఊరుకున్నాను. మర్నాడు ఆ సంచీ పాలిథిన్ కవరులో చుట్టి కనబడింది. ఆ వారం గుడికి బయల్దేరితే, "మీరు వెళ్లండిరా, నేను ఆటోలో వస్తాను. గాలి బాగా తగులుతుంది" అంది అమ్మ. గాలి కోసమేనని అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది.

సంచీ లేదు, అమ్మా లేదు. వాసన మాత్రం ఉంది. అద్దానికి మల్లెపూల సెంటుబిళ్ల వేలాడగట్టాం. 'అ'కారమూ 'ఇ'కారమూ కలిసి 'ఏ'కారం పుట్టినట్టు, మల్లెలూ కంపూ కలిసి మూడోదేదో పుట్టింది. దాన్ని గుణసంధి అనడానికి మాత్రం నోరు రాలేదు.

చివరికి మెకానిక్కు దగ్గరకు వెళ్లాను.

"ఏం వాసనండీ?"

"చెడ్డవాసన."

"అది సరే మేష్టారూ, చెడ్డవాసనల్లో ఏది?"

తెలుగులో ఎం.ఏ. చదివినవాణ్ణి. దుర్గంధం, పూతిగంధం నాలిక చివరిదాకా వచ్చాయి. వాటితో అతనేం చేసుకుంటాడు? కుళ్లిన కోడిగుడ్డు వాసనైతే బాటరీ మితిమీరి చార్జవుతూ ఉండవచ్చునట, లేదా పొగగొట్టం వైపు లోపమట. కమురు వాసనైతే వైరో, రబ్బరో కాలుతున్నట్టు. పెట్రోలు వాసనైతే స్టార్టు చెయ్యకుండా దిగిపోవడమే. పొగ వాసన లోపలికి వస్తే అద్దాలు దించి, పక్కకు తీసి, ఇంజను ఆపెయ్యాలి. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు అసలు వాసనే లేదు, ప్రాణం తీసేది అదే. ఇంత చెప్పి, "ఇంట్లో ముక్కు బాగున్నవాళ్లనెవరినైనా అడిగి రండి" అన్నాడు.

ఆ సాయంత్రం అమ్మను కారు దగ్గరకు తీసుకువెళ్లి తలుపు తీశాను. ఆవిడ లోపలికి వంగి ఒక్కసారి పీల్చి, "తడిసిన గోనెపట్టా వాసనరా. కింద ఎక్కడో నీళ్లు నిలవున్నాయి" అంది. ఇంగువకూ తైలానికీ ఆ వాసనతో ఏ పోలికా లేదు. ఆ మాట ఆవిడ అనలేదు.

మర్నాడు మెకానిక్కు ముందు ఎడమ సీటు కింది పట్టా ఎత్తి తివాచీ నొక్కితే నీళ్లు ఊరాయి. ఐసునీళ్లు పోసిన చెంబుకు బయట చెమట పట్టినట్టు, ఏసీ నడిచేటప్పుడు డాష్‌బోర్డు వెనక చల్లటి గొట్టాలకు నీరు పడుతుంది. ఆ నీరు సన్నటి గొట్టంలోంచి రోడ్డు మీద కారిపోవాలి. మా కారులో దానికి మట్టి అడ్డుపడింది. నీళ్లు వెనక్కి తన్ని తివాచీలోకి దిగాయి. గాలి వడగట్టే ఫిల్టరు నల్లగా, ఎండాకులతో నిండి ఉంది. ఫిల్టరు మార్చి, గొట్టం ఊది, తివాచీ మూడురోజులు ఎండబెడితే వాసన పోయింది.

ఇంటికొచ్చి అమ్మ దగ్గర సంచీ సంగతి ఎత్తబోయాను. "ముందు ఆ సెంటుబిళ్ల తీసెయ్యి, తలనొప్పి" అంది.

2023 సంక్రాంతికి రాజమహేంద్రవరం నుంచి అమలాపురం బయల్దేరాం. అమ్మ ముందు సీట్లో కూర్చుంది. జొన్నాడ దగ్గరకు వచ్చేసరికి, "పాకం వాసన వస్తోందిరా" అంది.

"పండగ కదమ్మా, ఎవరింట్లోనో అరిసెలు" అన్నాను.

"అరిసెల పాకం నాకు తెలీదూ? ఇది వేరే. మందు కలిసిన తీపి."

"ఆపండి," అంది మా శ్రీమతి వెనకనుంచి. "అత్తయ్యగారు చెబుతున్నారుగా."

గౌతమి వంతెన ఎక్కకముందే పక్కకు తీసి ఆపాను. ముందు అద్దానికి లోపలివైపు జిడ్డు ఆవిరి. అమ్మ కాళ్ల దగ్గర మళ్లీ తడి. వేలితో ముట్టుకుంటే, ఈసారి ఉత్త నీళ్లు కావు. జిగటగా, ఆకుపచ్చగా ఉంది. వేడిముల్లు పైపైకి పోతోంది. ఫోనులో మెకానిక్కు, "రేడియేటరు మూత ముట్టుకోకండి, మరిగే నీళ్లు ముఖాన కొడతాయి" అన్నాడు.

ఇంజను చల్లబరిచే కూలెంటు అది. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కాని విషం. కోనసీమ వెళ్లేవాడికి హీటరుతో పనేమిటనుకుంటాం. అయినా డాష్‌బోర్డు వెనక దాని చిన్న రేడియేటరు ఉండనే ఉంటుంది. మా కారులో కారింది అదే. ఇంకొంత దూరం పోనిచ్చి ఉంటే ఇంజను పోయేదన్నాడు.

కారు లాగించి, మేం బస్సులో పండక్కి వెళ్లాం.

ఇప్పుడు అమ్మ కారులోనే వస్తోంది, ముందు సీట్లోనే. సంచీ మాత్రం పాలిథిన్ కవరులో చుట్టే తెస్తోంది. అక్కర్లేదమ్మా అని చెప్పాను. మా శ్రీమతి కూడా చెప్పింది. వినలేదు.